సారు విరిచిన చిక్కీ

మా చర్చిలో నెలకొకసారి, మొదటి ఆదివారం నాడు, రొట్టె పంచుకునే ప్రభు బల్ల ఆచరిస్తారు. చిన్న రొట్టె ముక్కలున్న స్టీలు పళ్ళెం ముందు వరసలో మొదలై, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతూ వెనక్కి వస్తుంది. ఆఖరి బెంచీలో, చెప్పులు విడిచే గుమ్మం పక్కన కూర్చునే యెహోషువ సారు దాన్ని రెండు చేతులా అందుకుంటారు. తను మాత్రం ముక్క తీసుకోరు. పక్కవారికి అందించి తల వంచుకుంటారు. కిందటి డిసెంబరు నుంచి ఇదే జరుగుతోంది.

ఇరవై ఏళ్ళు సంఘ పెద్దగా ఉండి, ఆ పళ్ళెం తనే పట్టుకుని వరసల మధ్య తిరిగిన మనిషి అలా వెనక కూర్చోవడం చూసి జనం తలా ఒక మాట అనుకున్నారు. పాస్టరు గారితో పడలేదన్నారు కొందరు. ఆరోగ్యం బాగాలేదన్నారు ఇంకొందరు. అసలు సంగతి నాకు తెలుసు. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క ప్రహరీగోడే అడ్డం. పైగా నేను ఆయన ఈలకు లేచి, ఆయన ఈలకు కూర్చుని ఐదేళ్ళు చదువుకున్నదాన్ని. ఇప్పుడు నా కొడుకు ఆండ్రూ అదే స్కూల్లో ఆరో తరగతిలో చేరాడు. అందుకే ఈ సంగతి నాకు ఇంకా మనసులోంచి పోవడం లేదు.

మా ఊరు, కొడవలూరు నుంచి సముద్రం వైపు వచ్చే దారిలో ఉంటుంది. రోడ్డుకు రెండు పక్కలా ఒకప్పుడు వరి, ఇప్పుడు ఎక్కువగా రొయ్యల గుంటలు. ఊరి చివర సరుగుడు తోపును ఆనుకుని మిషన్ వాళ్ళు ఎప్పుడో కట్టిన ఎయిడెడ్ హైస్కూలు. యెహోషువ సారు అందులో ముప్పై ఏళ్ళుగా డ్రిల్లు మాస్టారు. బదిలీలు లేని ఉద్యోగం కాబట్టి ఊళ్ళో తండ్రులకీ కొడుకులకీ కూడా ఆయనే ఈల ఊదారు. నల్ల తాడుకు కట్టిన ఆ ఈల మెడలో లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ. చర్చికి వచ్చేటప్పుడు మాత్రం తీసి చొక్కా జేబులో వేసుకుంటారు.

"ఇక్కడ కూడా డ్రిల్లేనా" అని భార్య మగ్దలీనమ్మ గారు ఆటపట్టించేవారు.

"జేబులోనే కదా ఉండాది. ఊదుతానా ఏంది" అనేవారు సారు.

వాళ్ళకు పిల్లలు లేరు. సోమవారం పొద్దున ప్రార్థన వరసలో తల దువ్వుకోని పిల్లవాడు కనిపిస్తే సారు తన దువ్వెన తీసి దువ్వేవారు. గోళ్ళు పెరిగితే తనే కత్తిరించేవారు. ఆ పిల్లవాడు కదలకుండా ఉండటానికి కబడ్డీ కబుర్లు చెప్పేవారు.

నేను తొమ్మిదిలో ఉన్నప్పటి సారు వేరు. అప్పుడు ఆయన చేతిలో బెత్తం ఉండేది. ఒకరోజు వెంకటేష్ అనే పదో తరగతి కుర్రాడు ఒక చిన్న పిల్లవాడి చొక్కా పట్టి లాగి చించాడని, అందరి ముందూ నిలబెట్టి కొట్టారు. వెంకటేష్ చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. దెబ్బ వేలి కణుపు మీద పడి ఎముక విరిగింది. వాడు మళ్ళీ స్కూలుకు రాలేదు. పడవల మీద పనికి పోయాడు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. రొట్టె పంచే ముందు పాస్టరు గారు కాసేపు ఆగుతారు. ఎవరితోనైనా మనస్పర్ధ ఉన్నవాళ్ళు ఆ కాసేపట్లో లేచి, అవతలి మనిషి దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపి రావాలి. దాన్ని సమాధానపడటం అంటారు. ఆ మనిషి చర్చిలో లేకపోతే వెతుక్కుంటూ వెళ్ళాలి. అంతవరకూ రొట్టె ముట్టకూడదు. ఆ నెల మొదటి ఆదివారం సారు లేచి బయటికి వెళ్ళి, ఎండలో సైకిలు తొక్కుకుంటూ వెంకటేష్ వాళ్ళ పాళేనికి పోయారు. వాడి ముందు నిలబడి తప్పయిందన్నారు. వాడు ఏమీ అనలేదు. వాళ్ళ నాయనే, "పోనీలే సార్, క్షమించినాంలే. ఒరే, సార్‌కి చెయ్యియ్యిరా" అన్నాడు. కుడి చేతికి కట్టుంది. వాడు ఎడమ చెయ్యి ఇచ్చాడు.

సారు తిరిగొచ్చేసరికి ఆరాధన అయిపోయింది. పాస్టరు గారు ఆయన కోసం ఒక ముక్క ఉంచారు. అది నోట్లో వేసుకుని ఆయన బెంచీ మీద కూర్చుని ఏడ్చారు. నేను అమ్మ కోసం గుమ్మంలో నిలబడి చూశాను. ఒక పెద్దాయన ముఖం అంత తేలికపడటం నేనెప్పుడూ చూడలేదు.

బెత్తాన్ని ఆ సోమవారమే విరిచి తోపులో పారేశారు. దాని బదులు చిక్కీ వచ్చింది.

శుక్రవారం ఆఖరి పీరియడ్లో, ఆటసామాన్ల గది ముందు వరండాలో, ఆ వారం కొట్టుకున్న పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టేవారు. తప్పు చేసినవాడు "తప్పయిందిరా" అనాలి. రెండోవాడు "క్షమించాను" అనాలి. ఇద్దరూ చేతులు కలపాలి. అప్పుడు సారు, స్కూలు ముందు బంకులో కొన్న వేరుశనగ చిక్కీ జేబులోంచి తీసి, రెండుగా విరిచి చెరొక ముక్క ఇచ్చేవారు. నమిలేదాకా నిలబడేవారు.

"తిన్నారా?"

"తిన్నాం సార్."

"మింగినారా?"

"మింగినాం సార్."

"ఇంక ఆ మాట కడుపులోకి పోయింది. మళ్ళీ పైకి రాకూడదు. పోండి."

పిల్లలు నవ్వేవారు. చిక్కీ కోసం ఉత్తుత్తి దెబ్బలాట పెట్టుకుని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. "ముక్క సమంగా విరగలేదని మళ్ళీ కొట్టుకుంటారా ఏంది" అని సారూ నవ్వేవారు. చాలా తగువులు నిజంగానే అక్కడితో ముగిసేవి. బెత్తం లేని స్కూలని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిల్లల్ని తెచ్చి చేర్పించారు. నాకూ ఆ పద్ధతి ఎంతో నచ్చింది. ఆండ్రూ, వాడి చెల్లెలు అబిగయీలు కొట్టుకుంటే ఇంట్లో నేనూ అదే చేయించేదాన్ని. తప్పయిందను, క్షమించానను, చేతులు కలపండి. రెండు నిమిషాల్లో ఇల్లు సద్దుమణిగేది. నాకు కావలసింది కూడా అదే.

ఒక్క సంగతి ఆయన ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు. ఆ ఆదివారం తేలికపడింది సారు. వెంకటేష్ తేలికపడ్డాడో లేదో ఎవరూ అడగలేదు.

ఫ్రెడ్డీ మా సంఘంలోని ఎవాంజెలిన్ కొడుకు. ఎవాంజెలిన్ హైవే పక్కన రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి పోతుంది. భర్తది చెన్నైలో వెల్డింగు పని, రెండు నెలలకోసారి వస్తాడు. కిందటి ఏడు ఫ్రెడ్డీ ఎనిమిదో తరగతి. తోటివాళ్ళ గొంతులన్నీ బొంగురుపోయినా వాడిది ఇంకా మారలేదు. చర్చి పాటల బృందంలో ఆడపిల్లల వరసలో నిలబడి పాడేవాడు. వాడు పై స్వరం అందుకుంటే, పాట పుస్తకంలోకి చూస్తున్నవాళ్ళు తల ఎత్తేవాళ్ళు. ఆ గొంతే స్కూల్లో వాడికి ముప్పు తెచ్చింది.

పదో తరగతి రాజ్ కుమార్ కబడ్డీ జట్టు కెప్టెన్. సారు చేతుల మీద తయారైనవాడు, మండలం పోటీల్లో కప్పు తెచ్చినవాడు. వాడూ, వాడి స్నేహితులు ఇద్దరూ ఫ్రెడ్డీని కోయిలమ్మ అనేవాళ్ళు.

"ఏమే కోయిలమ్మా, ఒకసారి కూయవే."

"ఈరోజు జడ మర్చిపోయి వచ్చినావా ఏందిమే?"

మొదట మాటలే. తరువాత సంచి దాచడం, మధ్యాహ్నం అన్నం పళ్ళెంలో ఇసుక పోయడం. ఆ తరువాత చేతులు లేచాయి. ఫ్రెడ్డీ వాళ్ళమ్మతో చెప్పుకున్నాడు.

"సార్ దగ్గరికి పో నాయనా. ఆయన చూసుకుంటాడు" అంది ఎవాంజెలిన్. తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కే మనిషి. అంతకన్నా మంచి దారి ఆమెకే కాదు, నాకూ తోచేది కాదు.

వాడు వెళ్ళాడు. జూన్ నుంచి అక్టోబరు ఆఖరు దాకా నాలుగు శుక్రవారాలు వాళ్ళిద్దరూ వరండాలో ఎదురెదురుగా నిలబడ్డారు. నాలుగుసార్లూ రాజ్ కుమార్ తల వంచుకుని బుద్ధిగా తప్పయిందన్నాడు. నాలుగుసార్లూ ఫ్రెడ్డీ క్షమించానన్నాడు. చిక్కీ తిన్నారు, మింగారు.

నవంబరు మొదట్లో ఒక బుధవారం ఫ్రెడ్డీ మళ్ళీ వచ్చాడు. సారు ఆటల పోటీల కోసం మైదానంలో సున్నంతో గీతలు వేస్తున్నారు. అప్పుడు జరిగిన మాటలు ఆయన నాకు ఒక్క అక్షరం పోకుండా చెప్పారు. ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పారు.

"సార్, రాజ్ కుమార్ వాళ్ళు మళ్ళీ..."

"మొన్న శుక్రవారమే కదరా తినింది?"

"అవును సార్."

"మింగినావా?"

"మింగినాను సార్."

"మరి మళ్ళీ పైకెందుకు తెస్తుండావు? మనసులో పెట్టుకుంటే వానికేం కాదురా, నీకే బరువు. పో, నీళ్ళు తాగి క్లాసుకి పో."

"సరే సార్" అని ఫ్రెడ్డీ వెళ్ళిపోయాడు. సారు గీత వంకరపోతుందేమోనని తల ఎత్తలేదు.

అది జరిగిన తొమ్మిదో రోజున శ్రీహరికోటలో రాకెట్టు ప్రయోగం. పట్టపగలు. ఇలాంటి రోజుల్లో మా స్కూల్లో పిల్లలందర్నీ మైదానంలోకి వదిలి దక్షిణం వైపు తిప్పి నిలబెడతారు. సారు వరసలు లెక్కపెట్టారు. ఎనిమిదో తరగతిలో ఒకరు తక్కువ. పదో తరగతిలో ముగ్గురు తక్కువ. సరుగుడు చెట్ల పైన తెల్లటి గీత లేచింది. పిల్లలందరూ అదిగో అదిగో అని అరుస్తున్నారు. సారు ఒక్కరే వెనక్కి తిరిగి మరుగుదొడ్ల వైపు నడిచారు.

గోడ ఇవతల ఉండగానే చెంపదెబ్బ చప్పుడు వినిపించింది. తరువాత నవ్వు.

"తప్పయిందిరా కోయిలమ్మా."

"క్షమించాను." ఫ్రెడ్డీ గొంతు.

"చెయ్యియ్యి. ఆ. ఇంద, తిను."

మళ్ళీ దెబ్బ.

"తప్పయిందిరా. క్షమించినావా? తిను. మింగినావా? ఇంక పైకి రాకూడదు." ఆ చివరి మాట అన్నవాడు సారు గొంతును అచ్చంగా దించాడు. మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు.

సారు గోడ దాటారు. రాజ్ కుమార్ చేతిలో సగం విరిచిన చిక్కీ ఉంది. కింద ఇసుకలో మూడు నాలుగు చిక్కీ కాగితాలు పడి ఉన్నాయి. అదే బంకులో కొన్నవి. ఫ్రెడ్డీ గోడకు ఆనుకుని, నోటినిండా చిక్కీ పెట్టుకుని, మింగలేక నిలబడ్డాడు. వాడి కుడి చెయ్యి ఇంకా ముందుకు చాపే ఉంది.

ఈల నోట్లో పెట్టుకున్నాను గానీ ఊపిరి రాలేదమ్మా, అన్నారు సారు తరువాత నాతో.

ఆయన ఫ్రెడ్డీని పట్టుకుని మైదానంలోకి తెచ్చారు. రాకెట్టు శబ్దం మా ఊరికి కాస్త ఆలస్యంగా వస్తుంది. వెలుగు వచ్చినంత వేగంగా శబ్దం రాదు. గాలి ఇటు వీస్తే, కంటికి కనిపించిన ఐదు నిమిషాలకు దూరంగా ఉరిమినట్టు వినిపిస్తుంది. ఆ శబ్దం వచ్చినప్పుడు పిల్లలందరూ చప్పట్లు కొట్టారు.

ఫ్రెడ్డీ చుట్టూ చూశాడు. "వచ్చిందా సార్? నాకు వినపడలేదే" అన్నాడు.

అప్పుడు సారు చూశారు. వాడి ఎడమ చెవి కింద, కాలరు అంచున, సన్నగా రక్తం ఎండి ఉంది.

సారు ఫోను చేస్తే, నేను పనిచేసే ల్యాబు కారులో నెల్లూరు ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. ఎవాంజెలిన్ కంపెనీ తొడుగులతోనే వచ్చేసింది. డాక్టరు చెవిలోకి దీపం పెట్టి చూసి, కర్ణభేరికి చిల్లు పడిందన్నాడు. ఈరోజుది కాదు, వారం పైనే అయింది, మళ్ళీ మళ్ళీ తగలడంతో పెద్దదైంది అన్నాడు. ఆ మాటకు సారు తలుపు దగ్గర కుర్చీలో కూర్చుండిపోయారు. వారం పైన అంటే ఆ బుధవారం.

ఎవాంజెలిన్ అరవలేదు. కొడుకు జుట్టులోంచి ఇసుక దులుపుతూ, "నేనే పంపినాను సార్ మీ దగ్గరికి. ప్రతిసారీ నేనే పంపినాను" అంది.

నేను చదివింది కెమిస్ట్రీ. రొయ్యల గుంటల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని. రైతులు సీసాలు తెస్తారు. గట్టు మీద నిలబడి అందినంత ముంచి తెచ్చిన నీళ్ళవి. చూడటానికి అద్దంలా ఉంటాయి. అడుగు నీళ్ళు తెండయ్యా, చచ్చేది అడుగున, అని రోజూ మొత్తుకుంటాను. ఆసుపత్రి నుంచి వచ్చిన మరునాడు ఆండ్రూ తల దువ్వుతూ, "నిన్నెవరైనా కొడుతుంటారా నాన్నా" అని అడిగాను. "లేదు మా" అన్నాడు వెంటనే. మరీ వెంటనే అన్నాడేమో అనిపించింది. ఇంకొకసారి అడగడానికి ధైర్యం చాలలేదు. అంతకుముందు ఎన్నిసార్లు వాడి చేత క్షమించానని అనిపించానో లెక్క వేసుకుంటూ జుట్టు దువ్విందే దువ్వాను.

హెడ్మాస్టరు పెంచలప్రసాద్ గారు ముగ్గురు పిల్లల్నీ, వాళ్ళ తల్లిదండ్రుల్నీ పిలిపించారు. ఆ గదిలో జరిగింది సారు చెబితే తెలిసింది.

"తమాషాకి చేసినాం సార్" అన్నాడు రాజ్ కుమార్. "వాడు కూడా నవ్వేవాడు."

"చెవి చిల్లుపడేట్టు కొట్టడం తమాషానా?" అన్నారు హెడ్మాస్టరు.

"కొట్టిన ప్రతిసారీ తప్పయిందని చెప్పినాం సార్. వాడు క్షమించినాడు. చిక్కీ కూడా పెట్టినాం." అప్పుడు వాడు యెహోషువ సారు వైపు తిరిగాడు. "మీరే కదా సార్ చెప్పింది, మింగితే అయిపోతాదని."

"వాడు పొగరుగా అనుంటే బాగుండేదమ్మా" అన్నారు సారు నాతో. "నిజంగా అర్థం కాకనే అడిగినాడు. ఇట్టా అడిగేట్టు తయారు చేసింది ఎవరు? నేనే కదా."

తండ్రులు బతిమాలారు. పదో తరగతి పరీక్షలు ముందున్నాయి. హెడ్మాస్టరు మెత్తబడ్డారు. "మీ పద్ధతిలోనే ఒక మాట అనిపించి చేతులు కలిపించెయ్యండి మాస్టారూ. మీకు అలవాటే కదా."

"ఇంక కలపను సార్" అన్నారు యెహోషువ సారు.

ఆయన పట్టుబట్టడం వల్లే ముగ్గుర్నీ స్కూలుకు రాకుండా ఆపారు. పరీక్షలు మాత్రం రాయనిచ్చారు. సారు ఇంకొక కాగితం కూడా రాసి ఇచ్చారు. ఫలానా బుధవారం ఫ్రెడ్డీ నాకు చెప్పుకున్నాడు, నేను వినకుండా వెనక్కి పంపాను, అని సంతకం పెట్టి. హెడ్మాస్టరు దాన్ని మడిచి తిరిగి ఆయన చేతిలోనే పెట్టారు. "ఇదెందుకు మాస్టారూ? మిమ్మల్ని ఎవరడిగినారు?" ఆ కాగితం ఇప్పటికీ సారు బైబిల్లో ఉంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన ఐదో రోజున సారు ఫ్రెడ్డీని చూడటానికి వెళ్తూ నన్ను తోడు రమ్మన్నారు. ఫ్రెడ్డీ చెవిలో దూది పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. సారు గుమ్మంలో కనిపించగానే లేచి నిలబడ్డాడు. ఆయన ఇంకా నోరు తెరవలేదు. వాడు కుడి చెయ్యి చాపాడు.

"క్షమించాను సార్."

వరండాలో అనే గొంతుతోనే అన్నాడు. పాఠం అప్పజెప్పినట్టు.

సారు చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. "వద్దు నాయనా" అన్నారు. "ఆ మాట నాకు చెప్పొద్దు."

ఫ్రెడ్డీకి భయం వేసింది. తను ఏదో తప్పు చేశాననుకున్నాడు. "నిజంగానే సార్. క్షమించాను" అన్నాడు ఇంకొంచెం గట్టిగా, చెయ్యి దించకుండా. ఎవాంజెలిన్ వచ్చి ఆ చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

తిరిగి వచ్చేటప్పుడు గుంటల గట్టు దగ్గర సారు ఆగారు. "బెత్తం దెబ్బ తగిలితే వెంకటేష్ అబ్బా అని అరిచినాడమ్మా. వీని చేత ఆ అరుపు కూడా మింగించినాను" అన్నారు.

డిసెంబరు మొదటి ఆదివారం ఆయన ముందు బెంచీ వదిలి వెనక్కి వచ్చి కూర్చున్నారు. పాస్టరు గారు ఇంటికి వచ్చి అడిగారు. పిల్లవాడు క్షమించానన్నాడు కదా అన్నారు. "అది నేను నేర్పిన మాటండీ. వాని మాట కాదు. వాని మాట వచ్చేదాకా ఆగుతాను" అన్నారు సారు.

చెవి చిల్లు చాలావరకు పూడింది. వినికిడి మాత్రం పూర్తిగా రాలేదు, లోపల ఏదో ఈల మోగుతున్నట్టు ఉంటుందంటాడు ఫ్రెడ్డీ. పాటల బృందంలోకి మళ్ళీ వెళ్ళలేదు. శ్రుతి ఒక పక్క నుంచే వినపడుతోందన్నాడు. వేసవిలో వాడి గొంతు కూడా బొంగురుపోయింది. ఆ పై స్వరం ఆఖరిసారి ఏ ఆదివారం విన్నామో మాలో ఎవరికీ గుర్తులేదు. రాజ్ కుమార్ పరీక్షలు పాసై నెల్లూరులో కాలేజీలో చేరాడు. సారు స్కూలుకు వెళ్తూనే ఉన్నారు. శుక్రవారం వరండా ఖాళీ. విరామం గంట కొట్టినప్పుడల్లా ఆయన వెళ్ళి మరుగుదొడ్ల గోడ దగ్గర నిలబడతారు. జూన్‌లో ఆండ్రూను అక్కడే చేర్పించాను. వేరే స్కూలైతే ఆ గోడ దగ్గర నిలబడేవాళ్ళు ఉంటారన్న నమ్మకం నాకు లేకపోయింది.

ఆగస్టు మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర, ఫ్రెడ్డీ వాళ్ళమ్మ కోసం ఆగి ఉన్నాడు. సారు, మగ్దలీనమ్మ గారు, నేను బయటికి వస్తున్నాం. మగ్దలీనమ్మ గారు వాడిని చూసి ఆగిపోయారు. ఆ మాట ఎన్నాళ్ళుగా దాచుకున్నారో.

"నాయనా ఫ్రెడ్డీ, ఒక్కసారి సార్‌కి చెయ్యియ్యి నాయనా. ఆయన రొట్టె ముట్టి తొమ్మిది నెలలయింది."

ఫ్రెడ్డీ సారు వైపు చూశాడు. అలవాటు కొద్దీ కుడి చెయ్యి కదిలింది. మళ్ళీ ఆగింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇయ్యను" అన్నాడు.

మగ్దలీనమ్మ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అట్టా అంటే ఎట్టా నాయనా..."

"మగ్దలీనా, నువ్వూరుకో" అన్నారు సారు. చుట్టూ జనం ఉన్నారు. ఆయన వెళ్ళి గేటు మెట్టు మీద, వాడికి వినపడే చెవి వైపు కూర్చున్నారు. "ఎందుకియ్యవో చెప్పు నాయనా."

వాడు నేల వైపు చూస్తూ, కొత్తగా వచ్చిన ఆ బొంగురు గొంతుతో అన్నాడు.

"ఆ బుధవారం మీరు నా మొహం చూడలేదు."

"అవును."

"చూసుంటే తెలిసేది. అప్పటికే చెవి నొప్పిగా ఉండింది. చెప్దామనే వచ్చినాను."

"అవును నాయనా."

"మీరు గీత గీసుకుంటా ఉండారు."

"అవును."

ఇంకా ఏదో అనబోయి ఆగిపోయాడు. ఎవాంజెలిన్ వచ్చింది, వాళ్ళు వెళ్ళిపోయారు. సారు ఆ మెట్టు మీదే, బైబిలు ఒళ్ళో పెట్టుకుని, ఎండలో కూర్చుండిపోయారు. తప్పయిందని అనలేదు. కారణాలు చెప్పలేదు. విన్నారు, అంతే.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఫ్రెడ్డీ ఆ మెట్టు దగ్గర ఆగుతున్నాడు. ఒక్కో వారం ఒక్కటే చెబుతాడు. అన్నం పళ్ళెంలో ఇసుక సంగతి ఒక వారం. రెండో చిక్కీకి ముందు రాజ్ కుమార్ చెయ్యి కలుపుతూనే వేళ్ళు ఎలా నొక్కాడో ఒక వారం. అప్పుడు సారు వాళ్ళిద్దరి చేతుల మీదా తన చెయ్యి వేసి ఉన్నారట. ఒక వారం ఏమీ చెప్పకుండా కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. సారు మాత్రం కదలరు. ఎవరైనా పలకరించబోతే చేత్తోనే ఆగమంటారు.

ఈ సెప్టెంబరు మొదటి ఆదివారం పళ్ళెం మళ్ళీ వెనక్కి వచ్చింది. సారు అందుకున్నారు, పక్కకి ఇచ్చేశారు. నేను ఉండబట్టలేక బయటికొచ్చాక అడిగాను.

"వాడు మాట్లాడుతున్నాడు కదా సార్. ఇంకా ఎందుకు?"

ఆయన గేటు వైపు చూశారు. ఫ్రెడ్డీ అప్పటికే మెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు.

"వాడు చెప్పడం ఇంకా అయిపోలేదమ్మా" అని, ఆయన అటు నడిచారు.